ఖాళీ పూట

అనూరాధ ముందు కాళ్లు చూస్తుంది. మనిషి గుమ్మంలోకి రాగానే మడమ పైన బొటనవేలితో నొక్కి తీస్తుంది. పడిన గుంట ఎంత నెమ్మదిగా నిండుతుందో చూసి, అప్పుడు తలెత్తి పలకరిస్తుంది. ఇది ఎన్నో ఏళ్ల అలవాటు. పెళ్లిళ్లకు వెళ్లినా బంధువుల కాళ్ల వంకే చూస్తుందని వాళ్లాయన ఎగతాళి చేస్తాడు.

ఆమె పుట్టింది బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో. తండ్రికి కొంత పల్లం, కొంత మెట్ట. విజయనగరంలో నర్సింగు చదివింది. ఉద్యోగం ఉద్దానంలో వచ్చింది. సముద్రం ఒడ్డున కొబ్బరితోటలూ జీడితోటలూ పరుచుకున్న నేల అది. చూడటానికి పచ్చగా ఉంటుంది. ఎందుకో ఎవరూ ఇంతవరకూ గట్టిగా చెప్పలేదు గానీ, అక్కడి మనుషులకు మూత్రపిండాలు చెడిపోతాయి. చెడిపోతున్నప్పుడు నొప్పి ఉండదు. తోటలో పని చేసుకుంటున్న మనిషికి ఒకరోజు అన్నం చూస్తే వాంతి వస్తుంది. అప్పటికే అంతా అయిపోయి ఉంటుంది.

ఆ ప్రాంతంలోని ఒక చిన్న ప్రభుత్వాసుపత్రిలో, వెనక వైపు, డయాలసిస్ గది ఉంది. అయిదు మిషన్లు, అయిదు పడకలు. మనిషి రక్తం మిషన్‌లోకి వెళ్లి, శుభ్రపడి, తిరిగి ఒంట్లోకి రావడానికి ఒక పూట పడుతుంది. పొద్దున ఒక జట్టు, మధ్యాహ్నం ఒక జట్టు, సాయంత్రం ఒక జట్టు. ఒక్కొక్కరికి వారానికి రెండు పూటలు. సోమవారం వచ్చినవాళ్లు మళ్లీ గురువారం వస్తారు. అక్కడి జనం గురువారం అనరు, లక్ష్మీవారం అంటారు. ఆ గదికి అనూరాధ పెద్ద నర్సు. ఎవరిని ఎప్పుడు ఏ పడక మీదికి ఎక్కించాలో ఆమే చెప్పాలి.

గది నిండిపోయి చాలాకాలమైంది. కొత్త మనిషికి చోటు రావాలంటే లోపలి మనిషి ఒకరు పోవాలి. ఈ మాట ఎవరూ పైకి అనరు. వరండాలో సిమెంటు బెంచీ మీద కూర్చున్నవాళ్లకు తెలుసు. లోపల పడుకున్నవాళ్లకూ తెలుసు. వాళ్లూ ఒకప్పుడు ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లే.

ఖాళీ పూట అనే పద్ధతి ఆ గదిలోనే పుట్టింది.

కొన్నేళ్ల కిందట అప్పన్న అనే తోటకూలి మిషన్ మీద ఉండగానే పోయాడు. శవాన్ని వరండాలోకి తెచ్చి బండి కోసం చూస్తున్నారు. అనూరాధ పడక తుడిపించి, దుప్పటి మార్పించి, బెంచీ మీద ముందున్న మనిషిని లోపలికి పిలిచింది. మిషన్ ఊరికే ఉండకూడదని ఆమెకు నేర్పారు. అప్పన్న భార్య లోపల మరచిపోయిన చెంబు కోసం వచ్చింది. భర్త పడక మీద ఇంకొకాయన కళ్లు మూసుకుని పడుకుని ఉన్నాడు. గొట్టాల్లో ఎర్రగా రక్తం తిరుగుతోంది.

“ఓలమ్మా! ఈడెప్పుడు పోతాడా అని కాసుక్కూకున్నారేటర్రా!” అంటూ ఆమె గుమ్మంలోనే కూలబడింది.

పడక మీదికి ఎక్కిన మనిషి పూట అయ్యేవరకూ కళ్లు తెరవలేదు. తరువాతి సోమవారం, కిటికీ పక్క పడక మీది జగ్గమ్మ చెయ్యి చాపి సూది గుచ్చించుకుంటూ అంది.

“సిస్టరమ్మా, ఇకమీదట మనిషి పోతే ఆ మంచం ఒక్క పూట ఖాళీగా ఉంచుదుం. ఒక్క పూటే. ఆ మనిషే వచ్చి తొంగున్నాడనుకుందుం.”

అందరూ సరే అన్నారు. అనూరాధ కూడా సరే అంది. అప్పటినుంచి ఎవరు పోయినా, వాళ్ల తరువాతి పూటకు ఆ పడక మీద ఉతికిన దుప్పటి పరుస్తారు. మిషన్ ఆపి ఉంచుతారు. కొత్త మనిషి ఆ పై పూటకు వస్తాడు. ఇది ఎక్కడా రాసిపెట్టింది కాదు. ఆసుపత్రి డాక్టరు విజయ్‌కుమార్‌కు తెలుసు. తెలియనట్టు ఉండేవాడు. ఆ గదిలో అనూరాధ చేయాల్సిన పనుల్లో చాలావాటికి లోపల ఎక్కడో సిగ్గుగా ఉండేది. ఖాళీ పూట నాడు దుప్పటి పరవడం ఒక్కటే ఆమె సిగ్గుపడకుండా చేసే పని.

సోమవారం పొద్దుటి జట్టు గోలగా ఉండేది. జగ్గమ్మ పక్క పడక జగన్నాధానిది. ఆయన శ్రీముఖలింగం వైపు వరి రైతు. కూతురు ఇంట్లో ఉండి ఇక్కడికి వచ్చేవాడు. జగ్గమ్మది ఆ ఊరు కాదు, ఆ కులం కాదు. పక్కపక్కన పడుకుని పడుకుని ఇద్దరూ బావా మరదళ్లయ్యారు.

“మూడు కేజీలు పెరిగావు బాబూ, ఏటి తాగావు?” అని అనూరాధ జగన్నాధాన్ని అడిగేది. వాళ్లకు పెరిగే బరువంతా నీళ్లే.

“ఏటీ లేదు సిస్టరమ్మా. గాలి పీల్సినాను.”

“గాలికి మూడు కేజీలొస్తాదేటి?”

“ఎందుకు రాదు?” జగ్గమ్మ అందుకునేది. “ఆల కూతురు పప్పుసారు కాస్తాది. ఆ గాలి.”

“ఒసే జగ్గీ, నాను పోతే ఆ కిటికీ గాలంతా నీదే. ఇంకా ఏటే నీ ఏడుపు?”

“నువ్వు పోవు బావా. నీలాటోలు పోరు. నన్ను సాగనంపీసి, నా దినానికి వచ్చి, గారెలు తినీసి మరీ పోతావు.”

చావు గురించి అలా మాట్లాడుకోగలిగారంటే ఖాళీ పూట ఉండబట్టేనని అనూరాధ అనుకునేది. పోయిన వెంటనే చెరిపేయరని వాళ్లకు ధైర్యం.

చిన్నతల్లి బెంచీ మీదికి వచ్చేటప్పటికి వేసవి వెళ్లిపోతోంది. జీడి బట్టీలో పిక్కలు కొట్టే పని ఆమెది. గింజ రసానికి వేళ్ల చివర్లు నల్లబడి ఉండేవి. భర్త దేవేంద్ర చెట్లెక్కి కొబ్బరికాయలు దింపుతాడు. బడికెళ్లే కూతురు ఒకతె. ఆయాసం వచ్చినప్పుడల్లా పట్నంలో పెద్దాసుపత్రికి బస్సులో వెళ్లి, ఒక పూట ఎక్కించుకుని వచ్చేవాళ్లు. అక్కడా జనమే. “దగ్గర్లో చోటు చూసుకోండి. ప్రతిసారీ ఇక్కడ కుదరదు” అని వాళ్లు చెప్పారు. అందుకని ప్రతి సోమవారం, ప్రతి లక్ష్మీవారం ఆ ఇద్దరూ వరండాలోకి వచ్చి కూర్చునేవాళ్లు. ఎవరైనా రాకపోతే ఆ పూట తమకు దొరుకుతుందని ఆశ. ఒకటి రెండుసార్లు దొరికింది కూడా.

చిన్నతల్లికి జరిగి కూర్చునే అలవాటు. ముసలివాళ్లు వస్తే లేచి చోటిచ్చేది. బెంచీ చివర సగం గాల్లో కూర్చునేది. అనూరాధ కాలు నొక్కబోతే చీర కుచ్చిళ్లు తనే పైకి తీసి పట్టుకునేది, ఆమెకు శ్రమ లేకుండా.

“ఎప్పుడొస్తాదమ్మా మా వంతు?” అని దేవేంద్ర అడిగేవాడు.

“మీదే ముందు. లోపల చోటు రాగానే మీదే.”

ఆ మాటకు అర్థం ఏమిటో ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ ఇంకోవైపు చూసేవాళ్లు.

వానలు మొదలయ్యాక అనూరాధను శిక్షణకు పంపారు. శ్రీకాకుళంలో, అరసవల్లి వెళ్లే దారిలో ఒక హాలు. బయట గుడికి వెళ్లే ఆటోల రొద. లోపల రెండు జిల్లాల నర్సులు. ఆరోగ్య వ్యవస్థలో నీతి, ఉన్న వనరుల పంపకం అన్నది విషయం. చెప్పడానికి వచ్చిన డాక్టరు పేరు శైలజ. నెరిసిన జుట్టు, గట్టి గొంతు. బోర్డు మీద ఒక మిషన్ బొమ్మ గీసింది. దాని పక్కన ముగ్గురు మనుషులు.

“ఒకామె ముందు వచ్చింది. ఒకాయన ఎక్కువ జబ్బుగా ఉన్నాడు. ఒక పిల్ల ఎక్కువ ఏళ్లు బతుకుతుంది. మిషన్ ఒకటే. ఎవరికి?”

“ఎవరికోసం పెద్దోల ఫోనొస్తే ఆలకి మేడమ్” అని వెనక నుంచి ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది. శైలజ కూడా నవ్వింది. నవ్వి, “అదీ ఒక పద్ధతే. దాన్ని కూడా బోర్డు మీద రాద్దాం. ఉన్నది రాయకపోతే పాఠమెందుకు?” అని రాసింది.

ముందు వచ్చినవాళ్లకు ఇస్తే ఏమవుతుంది, జబ్బు ముదిరినవాళ్లకు ఇస్తే ఏమవుతుంది, చీటీ తీస్తే ఏమవుతుంది. ఒక్కొక్కటీ విప్పి చూపించింది. ప్రతి పద్ధతిలోనూ ఎవరో ఒకరు బయట మిగిలిపోతారు. “మిగలకుండా చేసే పద్ధతి నా దగ్గర లేదు. ఉంటే ఆ బోర్డు మీద ఒక్క ముక్క రాసి వెళ్లిపోయేదాన్ని” అంది.

మీ దగ్గర ఎలా చేస్తారని ఒక్కొక్కరినీ అడిగింది. అనూరాధ లేచి ఖాళీ పూట గురించి చెప్పింది. చెబుతున్నప్పుడు గొంతులో కొంచెం గర్వం ఉంది. ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు.

శైలజ సుద్దముక్క బల్ల మీద పెట్టింది.

“బాగుందమ్మా. మీ గది మీద నాకు గౌరవం కలిగింది. ఒక్కటి అడుగుతాను. ఈ పద్ధతికి ఎవరు ఒప్పుకున్నారు?”

“అందరూ మేడమ్. మా పేషెంట్లే పెట్టుకున్నారు.”

“లోపలున్నవాళ్లు. ఆ పూట ఖాళీగా ఉంటే నష్టం ఎవరికి?”

అనూరాధ బోర్డు మీది మిషన్ బొమ్మ వంక చూసింది.

“బెంచీ మీద ఉన్నవాళ్లను ఎప్పుడైనా అడిగారా?”

“లేదు మేడమ్.”

“తప్పని నేననడం లేదు. రేపే ఎత్తేయమనీ అనడం లేదు. నష్టపోయేవాళ్లను అడగాలి. అంతే.”

తిరుగు బస్సులో అనూరాధ కిటికీ పక్కన కూర్చుంది. వాన పడుతోంది. ఇన్నేళ్లలో ఎన్ని ఖాళీ పూటలు గడిచాయో తలుచుకోబోయి ఆపేసింది. ఆ పూటల్లో బెంచీ మీద ఎవరెవరు ఉన్నారో గుర్తు రావడం మొదలుపెట్టింది. కొందరి ముఖాలు గుర్తున్నాయి. వాళ్లలో అందరూ తరువాతి పూటకు రాలేదన్నది కూడా గుర్తుంది. అప్పుడు ఆ రెండింటినీ ఆమె కలిపి చూడలేదు.

సోమవారం పొద్దుటి జట్టు పడకల మీద సర్దుకున్నాక మాట కదిపింది.

“ఇకమీదట ఖాళీ పూట వద్దనుకుంటే ఎలగుంటాది?”

పడకల మీది తలలు ఆమె వైపు తిరిగాయి.

“ఎవులు సెప్పినారు నీకు?” జగ్గమ్మ అడిగింది. “పట్నంలో నేర్పినారా?”

“బయట జనం కూకున్నారప్పా. నువ్వూ కూకున్నావు.”

“కూకున్నాను. ఎవుడో పోతే ఈ మంచం నాకొచ్చింది. ఆడి పేరు నాకు తెలుసును. కన్నబాబు. మనమందరం పోయినోల మంచాల మీదే ఉన్నాం సిస్టరమ్మా. అందుకే ఒక్క పూట ఆగమంటన్నాను.”

జగన్నాధం పైకప్పు వైపు చూస్తూ మాట్లాడాడు. ఆయన వేళాకోళం లేకుండా మాట్లాడటం అరుదు.

“నాను అప్పన్న మంచం మీదికి వచ్చినాను. ఆ ముండావోడు పోయిన పూటే నన్ను ఎక్కించినారు. ఆయేల కళ్లు మూసుకుని తొంగున్నది నానే. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ చెంబు కోసం వొచ్చిన మనిషే కనపడతాది. ఇంకోడికి ఆ పాట్లు వద్దు.”

అనూరాధ ఇక పొడిగించలేదు. వరండాలో చిన్నతల్లి బెంచీ చివర కూర్చుని ఉంది. ఆమెను అడగాలని అనూరాధ అనుకుంది. ఆ రోజు కాకపోతే ఇంకో రోజు అనుకుంది.

భాద్రపదంలో ఒక ఆదివారం జగన్నాధం పోయాడు. మధ్యాహ్నం భోంచేసి, అరుగు మీద పడుకుని, లేవలేదు. కూతురు ఆసుపత్రికి ఫోను చేసి చెప్పింది.

సోమవారం పొద్దున అనూరాధ మామూలుగా ఉతికిన దుప్పటి తీసింది. పరిచింది. మూలలు లోపలికి మడిచింది. మిషన్ వైపు చూసి, మీట మీద చెయ్యి వేసి, తీసేసింది. జట్టులో మిగిలిన నలుగురూ వచ్చి ఎవరి పడక మీద వాళ్లు ఎక్కారు. జగ్గమ్మ ఆ దుప్పటిని ఒకసారి అరచేత్తో నిమిరి, తన పడక మీదికి వెళ్లింది. ఆ రోజు బరువుల గురించి ఎవరూ వేళాకోళమాడలేదు.

చిన్నతల్లి, దేవేంద్ర వరండాలో ఉన్నారు. ఆమె పట్నంలో ఎక్కించుకుని అప్పటికి నాలుగు రోజులైంది. అనూరాధ వంగి కాలు నొక్కింది. గుంట పడింది. నిండలేదు. ముఖం ఉబ్బింది, కళ్ల కింద మరీను. ఆయాసం మాత్రం లేదు. మాట్లాడుతోంది, నడుస్తోంది.

అనూరాధ డాక్టరు గదికి వెళ్లి చెప్పింది. విజయ్‌కుమార్ ముందు జనం గుమిగూడి ఉన్నారు. “బ్లడ్ పంపండి. రిపోర్టు రేపటికి గానీ రాదు. ఆయాసం ఉందా?” అన్నాడు.

“లేదు సార్. ఈ పూట మా దగ్గర... జగన్నాధం గారిది.”

అతను ఆమె వంక చూశాడు. “మీ గది పద్ధతి మీకే తెలుసు సిస్టర్. నేను ఎక్కించమంటే ఎక్కిస్తారు. నేను అనాలంటారా?”

“నేను చూసుకుంటాను సార్.”

తిరిగి వరండాలోకి వచ్చింది. లోపలికి వెళ్లే తలుపు బార్లా తెరిచి ఉంది. పడకల మీదివాళ్లు తలలు తిప్పి చూస్తున్నారు. ఖాళీ పడక మీద దుప్పటి తెల్లగా ఉంది. అనూరాధ బెంచీ మీద, చిన్నతల్లి పక్కన కూర్చుంది. పట్నంలో చెప్పింది చేయబోతున్నానని ఆమెకు అనిపించింది. ఇన్నేళ్లూ ఎవరూ చేయని పని.

“సిన్నతల్లీ, నిన్నో మాట అడగాల. జగన్నాధం బాబు నిన్న పోయాడు. ఆ మంచం ఇక నీదే. మా దగ్గర ఒక పద్ధతున్నాది. పోయిన మనిషి కోసం ఒక్క పూట ఖాళీగా ఉంచుతాం. అలాగైతే నువ్వు లక్ష్మీవారం నుంచి రావాల. నువ్వు వద్దంటే ఈ పూటే ఎక్కిస్తాను. ఏటంటావు?”

చిన్నతల్లి తలుపులోంచి లోపలికి చూసింది. దుప్పటి చూసింది. జగ్గమ్మను చూసింది. తరువాత తన నల్లటి వేళ్లు చూసుకుంది.

“ఒకపాలి ఈయేలే...” అని దేవేంద్ర మొదలుపెట్టాడు.

“నువ్వూరుకో” అంది చిన్నతల్లి. “పెద్దాయన. ఆరి పూట నానెలగ తొంగుంతానమ్మా? లచ్చివారం వస్తాను.”

“ఆలోసించుకో.”

“ఏటున్నాది ఆలోసించడానికి? మంచం ఇస్తానన్నావు. అదే సాలు.”

ఆయాసం వస్తే ఆగకుండా పట్నం వెళ్లిపోమని అనూరాధ దేవేంద్రకు గట్టిగా చెప్పింది. నీళ్లు, కొబ్బరిబొండాలు, అరటిపళ్లు ముట్టుకోనివ్వద్దని చెప్పింది. రక్తం తీసి పంపింది. వాళ్లిద్దరూ బస్సు స్టాపు వైపు నడిచి వెళ్లారు. చిన్నతల్లి ఒకసారి వెనక్కి తిరిగి నవ్వింది.

అనూరాధ లోపలికి వచ్చింది. ఒళ్లు తేలికైనట్టు ఉంది. పద్ధతి చెడలేదు, బయటి మనిషినీ అడిగింది. ఆ పూటంతా ఆ ఖాళీ పడక పక్కనుంచి నడుస్తూ తలుపు దగ్గరికీ కిటికీ దగ్గరికీ తిరిగింది. మధ్యాహ్నం జట్టు వచ్చింది.

రిపోర్టు మంగళవారం సాయంత్రం వచ్చింది. పొటాషియం హద్దు దాటి ఉంది. అంత ఉంటే గుండె చెప్పకుండా ఆగిపోవచ్చు. అనూరాధ దేవేంద్రకు ఫోను చేసింది. మోగలేదు. మళ్లీ చేసింది. చార్జింగు అయిపోయి ఉంటుందనుకుంది. బుధవారం పొద్దున మళ్లీ చేసింది. ఈసారి మోగింది, ఎవరూ తీయలేదు.

లక్ష్మీవారం పొద్దున వాచ్‌మన్ వచ్చి, గేటు బయట ఎవరో పిలుస్తున్నారని చెప్పాడు.

దేవేంద్ర గేటు అవతల, ఎండలో, రోడ్డు అంచున నిలబడి ఉన్నాడు. ఒంటరిగా ఉన్నాడు. భుజం మీద తువ్వాలు. కాళ్లకు చెప్పుల్లేవు. అనూరాధ గేటు దాకా వెళ్లి లోపలికి రమ్మంది.

“రానమ్మా. మైల.”

ఆమె గేటు ఊచ పట్టుకుంది.

“నిన్న పొద్దుట. పెరట్లో గిన్నెలు తోమతన్నాది. ఆయాసం లేదు, ఏటీ లేదు. అలాగే పక్కకొరిగిపోనాది. నాను సెట్టు మీదున్నాను. కిందకి వొచ్చీసరికే అయిపోనాది.”

ఆమె ఏదో అనబోయింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు, మాట ఇంకా ఉందన్నట్టు.

“నిన్న ఫోను కొట్టింది మీరే అనుకుంతాను. నాకు మాటాడ్డానికి నోరు రానేదు. మరి ఈయేల దాని పూట కదా. ఎవులూ రాకపోతే పాడైపోద్దని వొచ్చినాను. ఇంకెవులికైనా ఇచ్చీండమ్మా.”

“దేవేంద్రా, సోమవారం నేను...”

“మిమ్మల్ని ఏటీ అన్లేదమ్మా అది.” అతను తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. “బస్సులో మురిసిపోనాది. మనల్ని అడిగినోలు ఎవులున్నారు ఇంతకాలం, ఆవిడ పక్కన కూకుని మరీ అడిగింది అన్నాది. అంత మంచిగా అడిగితే కాదని ఎలగంటాను అన్నాది.”

అనూరాధ చేతిలో ఊచ వేడెక్కి ఉంది. ఆమె చెయ్యి తీయలేదు.

ఎవరికి నష్టమో వాళ్లను అడగమన్నారు. అడిగింది. తెరిచిన తలుపు ముందు, నలుగురు చూస్తుండగా, చోటు తన చేతుల్లో పెట్టుకుని, చోటు లేని మనిషిని అడిగింది. ఆ మనిషి వద్దనగలదా అన్నది ఆలోచించలేదు. సరే అనిపించుకుని తేలికపడింది. మోయాల్సింది తను. దాన్ని బెంచీ చివరి మనిషి చేతికి ఇచ్చింది. ఆమె అలవాటు కొద్దీ జరిగి చోటిచ్చింది.

“ఇక్కడే ఉండు” అని చెప్పి అనూరాధ లోపలికి నడిచింది.

జట్టు అప్పటికే పడకల మీద ఉంది. ఆమె ముఖం చూసి జగ్గమ్మ అడిగింది. అనూరాధ చెప్పింది. ఎవరో “అయ్యో” అన్నారు. ఎవరో ముఖం దుప్పటిలో దాచుకున్నారు.

“పాపిష్టిదాన్ని” అంది జగ్గమ్మ నెమ్మదిగా. “ఆయేల నా వంక సూసింది అది. నాను తల తిప్పుకున్నాను.” ఖాళీ పడక వైపు తిరిగింది. “అయితే ఈయేల సిన్నతల్లి పూట. ఆ దుప్పటి తియ్యకు సిస్టరమ్మా. దానికీ ఒక పూట ఉండాల కదా.”

మిగిలినవాళ్లు అవునన్నారు. వాళ్లు దయతోనే అన్నారు. అందరి కళ్లూ తడిగా ఉన్నాయి. ఒక్క పూట కూడా ఆ గదిలో పడుకోని మనిషికి ఒక పూట ఇవ్వాలనుకుంటున్నారు.

అనూరాధ పడక దగ్గరికి వెళ్లి నిలబడింది. పొద్దున చిన్నతల్లి కోసం తను పరిచిన దుప్పటి, మూలల్లో తన చేతుల మడతలే. దుప్పటి మీద ఎవరి ముడతా లేదు. మిషన్ మీట నొక్కింది. లైటు వెలిగింది. గొట్టాలు కడగడం మొదలుపెట్టింది.

“సిస్టరమ్మా, వద్దు” అంది జగ్గమ్మ.

అనూరాధ వరండాలోకి వెళ్లింది. బెంచీ మీద చిన్నతల్లి తరువాతి మనిషి త్రినాథ్. బస్సు స్టాపు దగ్గర టీ కొట్టు అతనిది. రెండు నెలలుగా ఆ బెంచీ మీద ఉన్నాడు. లోపలి మాటలన్నీ విన్నాడు.

“త్రినాథ్, లోపలికి రా.”

అతను లేవలేదు. “ఆవిడది కదమ్మా ఈ పూట. పక్కనే కూకునీది. ఆలీ మొగుడూ మంచోలు. నాను సోమవారం వస్తాను.”

“నేను నిన్ను అడగడం లేదు. లోపలికి రా.”

గొంతు గట్టిగా వచ్చింది. త్రినాథ్ బెదిరి లేచాడు. తూకం మీద నిలబడ్డాడు. పడక అంచున కూర్చున్నాడు గానీ పడుకోవడానికి ఒళ్లు రాలేదు. అనూరాధ అతని భుజాలు పట్టుకుని వెనక్కి వంచింది. మెడ దగ్గర పట్నంలో ముందే పెట్టిన గొట్టానికి మిషన్ తగిలించింది. రక్తం కదిలింది. అతను కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఆమె మళ్లీ గేటు దగ్గరికి వెళ్లింది. దేవేంద్ర ఎండలో అలాగే ఉన్నాడు.

“ఎక్కించినారా?”

“ఎక్కించాను.”

“ఎవుల్ని?”

“త్రినాథ్‌ని. టీ కొట్టాయన.”

దేవేంద్ర తల ఊపాడు. ఇంకేదైనా అడుగుతాడేమోనని ఆమె నిలబడింది. తిడతాడేమోనని కూడా నిలబడింది. అతను తువ్వాలు నెత్తి మీద వేసుకుని బస్సు వచ్చే వైపు నడిచాడు.

లోపల అందరూ గోడల వైపు తిరిగి ఉన్నారు. అనూరాధ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి బీపీ చూసింది. చేతులు ఇచ్చారు, ముఖాలు ఇవ్వలేదు. చివర జగ్గమ్మ దగ్గరికి వచ్చింది.

“రేపు నాను పోనా ఇంతేనా సిస్టరమ్మా?” జగ్గమ్మ గోడతో మాట్లాడినట్టు అడిగింది. “దుప్పటి మార్సీసి ఇంకోల్ని ఎక్కించీడమేనా?”

“ఇంతే.”

“ఏడవ్వా?”

“ఏడుస్తాను. మూడో జట్టు దిగాక.”

జగ్గమ్మ నవ్వలేదు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. అనూరాధ పట్టీ చుట్టి, గాలి కొట్టి, ముల్లు కిందికి దిగే వరకూ చూస్తూ నిలబడింది.